ఎడమ సగం

యాకయ్య కంటి డాక్టరమ్మను ఓదార్చి వచ్చాడు.

ఆ పిల్ల చదువు పూర్తిచేసి ఎన్నాళ్ళో అయినట్టు లేదు. మిషను ముందు గడ్డం ఆనించమంది. చుక్క కనపడ్డప్పుడల్లా బటన్ నొక్కమంది. చాలాసేపు ఆయన ఏమీ నొక్కలేదు. కాయితం మీద అచ్చై వచ్చిన నల్లమచ్చను చూసి, ఆమె పాత కాయితం తీసి పక్కన పెట్టుకుంది.

"తాతా, పోయినసారి కంటే ఈ నలుపు ఇంకా నడిమికి దగ్గరికొచ్చింది. నీటికాసులు అంటే ఇంతే. పోయిన చూపు మళ్ళీ రాదు. ఉన్నది నిలబెట్టడానికే ఈ చుక్కల మందు. అది కూడా..." అని ఆగిపోయింది.

"అది గూడ గ్యారంటీ లేదు. గంతేనా?" అన్నాడు యాకయ్య.

పిల్ల తల వంచుకుంది.

"నువ్వేం ఫికర్ జెయ్యకు బిడ్డా. నువ్వు జేసేది నువ్వు జేసినవ్. నీ చేతుల లేనిదానికి నువ్వేం జేస్తవ్?" అని లేచి, ఆమె భుజమనుకుని కుర్చీ వీపు తట్టాడు. డాక్టరమ్మ కదలకుండా కూర్చుంది. తర్వాతి పేషెంటును పిలవడానికి ఆమెకు కొంచెం సమయం పట్టింది.

ఇదంతా చూస్తూ నిలబడ్డ చిలుకమ్మకు ఒళ్ళు మండిపోయింది. మనిషన్నాక ఇలాంటప్పుడు ఒక తిట్టయినా తిట్టాలి. దేవుణ్ణో, దవాఖానాలో లైన్లో నిలబెట్టినవాణ్ణో, ఎవరూ దొరక్కపోతే పెళ్ళాన్నో. ఈయన ఆటోలో కూర్చుని గాలి పీల్చి, "వాన పడేటట్టున్నది, వాసనొస్తాంది" అంటున్నాడు.

"ఏందయ్యా, ఆ పిల్ల చెప్పింది నీకు సమజైందా?"

"అయింది."

"ఏం సమజైంది?"

"కండ్లు పోతయ్. ఇయ్యాల గాకుంటె రేపు." ఆయన గొంతులో వణుకు లేదు. "పోతె పోనియ్యి. చేతులున్నయ్ గద! జంపఖానా నేసేటియి చేతులు. కండ్లు ఊకె పక్కకు కూసొని చూసేటియే."

చిలుకమ్మ మొహం అటు తిప్పుకుంది. ఏడాదిగా ఆయన ఈ ఒక్క మాట మీదే నిలబడి ఉన్నాడు. కండ్లు పోయినా చేతులున్నాయి. ఆ చేతులు ఏం నేస్తున్నాయో మాత్రం ఉగాది నుంచి ఆయనకు తెలియదు, ఆమెకు తెలుసు.

మరునాడు పొద్దున యాకయ్య మంచం మీద లేచి కూర్చుని, ఎప్పటిలాగే ఆ రోజు రాగల కష్టాలను వరసగా పిలిచాడు. ఇది ఆయన అలవాటు. కొందరు లేవగానే దేవుడి పేర్లు తలుచుకుంటారు, ఈయన ఆపదల పేర్లు తలుచుకుంటాడు.

"ఇయ్యాల కరెంటు పోవచ్చు. పడుగు తెగచ్చు. చాయ్ ఒలకచ్చు. కాలు జారి గుంతల పడచ్చు. చిలుక తిట్టచ్చు."

"మిగతయి ఏమో గని నేను తిట్టుడు మాత్రం ఖాయం" అంది చిలుకమ్మ వాకిలి ఊడుస్తూ.

"చూసినవా, ముందుగాల్నే అనుకున్న గద, ఇంక నీ తిట్టు నాకు తాకది" అని నవ్వాడు.

కొత్తవాడలో ఆయన సంగతి అందరికీ తెలుసు. ఏ ఇంట్లో ఏం జరిగినా ఆయన వెళ్తాడు, గడప మీద కూర్చుంటాడు, "ఇది మన చేతులున్నదా, లేదా?" అని అడుగుతాడు. ఉంటే చెయ్యమంటాడు, లేకపోతే దాని జోలికి పోవద్దంటాడు. కిషన్ రావు స్కూటర్ పోయినప్పుడు, "స్కూటర్ పోయింది, కాళ్ళు పోలె" అని చెప్పి వచ్చాడు. టీ హోటల్ దగ్గర ఆయన దోస్తు రాజమౌళి అయితే, "మా యాకయ్యను పాడె మీద పండవెట్టినా లేచి, 'ఇది మన చేతుల లేదుల్లా, నడువుండ్రి' అంటడు" అని అందరినీ నవ్విస్తాడు. యాకయ్య కూడా వాళ్ళతో కలిసి నవ్వుతాడు.

చెప్పడమే కాదు, చేసి చూపిస్తాడు కూడా. డాక్టర్లు మొదటిసారి చెప్పిన రోజు నుంచే గుడ్డితనానికి ప్రాక్టీసు మొదలుపెట్టాడు. కండ్లు మూసుకుని అన్నం తిన్నాడు. కండ్లు మూసుకుని గడ్డం గీసుకున్నాడు, రెండుచోట్ల తెగింది, మూడోసారికి తెగలేదు. ఇంటి నుంచి టీ హోటల్‌కు నూటపన్నెండు అడుగులని లెక్కపెట్టుకున్నాడు. అడ్డంగా బండి పెట్టి ఉంటే దాన్ని కూడా తిట్టడు, చుట్టూ తిరిగి మళ్ళీ లెక్క మొదలుపెడతాడు. అంత పట్టుదల ఉన్న మనిషిని చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది. చిలుకమ్మకూ వేస్తుంది, కోపం లేనప్పుడు.

ఇంటి ముందరి గది మొత్తం మగ్గానిదే. పదడుగుల వెడల్పు జంపఖానా నేసే మగ్గం అది. ఒక్కరితో అయ్యే పని కాదు. నేలలో తవ్విన గుంతలోకి కాళ్ళు వేలాడేసి, ఒకే పలక మీద ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. ఎడమ సగం యాకయ్యది, కుడి సగం చిలుకమ్మది. ఆయన "ఊఁ" అంటే ఇద్దరూ ఒకేసారి కాలి కర్ర తొక్కుతారు. నిలువు పోగుల పడుగు రెండుగా విడుతుంది. ఎవరి సగంలో వాళ్ళు రంగు దారాలు చుట్టిన కండెలను చేత్తో దూర్చి, ఒక రంగు ముగిసి ఇంకో రంగు మొదలయ్యే చోట రెండు పోగులనూ ఒకదానిలో ఒకటి కలేసి, ఇనుప పంజతో దువ్వి కొడతారు. కలెయ్యడం మరిచిపోతే అక్కడ చీలిక పడుతుంది. పడుగు పోగును దాటేస్తే నేత మీద దారం పైకి లేచి వేలాడుతుంది. ముప్ఫై ఏళ్ళుగా వాళ్ళిద్దరికీ ఈ "ఊఁ" తప్ప పని దగ్గర వేరే మాటలు పెద్దగా అవసరం పడలేదు.

ఇప్పుడు మగ్గం మీద ఉన్నది సొసైటీ ఇచ్చిన పెద్ద ఆర్డరు. ఎరుపు, నలుపు, గోధుమ రంగుల్లో మెట్లు మెట్లుగా కట్టిన డిజైను. చిలుకమ్మ పొద్దున్నే ఆయన పక్కన కండెలను వరసగా పేర్చి పెడుతుంది. చివర ఎరుపు, నడుమ నలుపు, ఇటు గోధుమ. వరస తెలిస్తే రంగు చూడక్కర్లేదు. ఆయన అడగడు, ఆమె చెప్పదు. కానీ నేసేటప్పుడు కండె ఎక్కడ తీశామో అక్కడే పెట్టడం ఎవరి తరం? పదిగంటలకల్లా వరస చెదిరిపోతుంది. ఆయన చెయ్యి మాత్రం ధీమాగా పోయి ఏది దొరికితే అది తెచ్చి పడుగులో పెడుతుంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక యాకయ్య నూటపన్నెండు అడుగులు లెక్కపెట్టుకుంటూ టీ హోటల్‌కు పోతాడు. గంటన్నర దాకా రాడు. ఆయన మలుపు తిరిగేదాకా చిలుకమ్మ గడపలో నిలబడి, వచ్చి ఎడమ వైపు పలక మీద కూర్చుంటుంది. కత్తెర మొనతో పొద్దుటి నుంచి ఆయన నేసినదాంట్లో తప్పున్న చోటల్లా కత్తిరించి, పోగులు లాగేసి, పడుగును వేళ్ళతో ఎత్తి పట్టుకుని మళ్ళీ నేస్తుంది. సాయంత్రం పనిలో తప్పులను ఆయన నిద్రపోయాక మెల్లగా సరిచేస్తుంది. నేయడం కాదు కష్టం, ఆయన నేసినట్టు నేయడం కష్టం. ఆమె దెబ్బ గట్టిది, ఆయనది మెత్తన. తన చేత్తో కొడితే ఆయనకు తెలిసిపోతుంది. టీ తాగి వచ్చాక పని మొదలుపెట్టే ముందు బొటనవేలితో నేతంతా ఒకసారి తడిమి చూసుకోవడం ఆయనకు చిన్ననాటి అలవాటు. అందుకని ఆమె చెయ్యి బిగపట్టుకుని, ఆయన మెత్తదనాన్ని అరువు తెచ్చుకుని, ఒక్కో వరసా కొడుతుంది. ఆయన వచ్చి వేలితో తడిమి, "మంచిగున్నది" అంటాడు. తన నేతనే మెచ్చుకుంటున్నానని అనుకుంటాడు.

ఆ మధ్యాహ్నం మొగిలమ్మ వచ్చింది. పక్కింటావిడ. మొన్నటేడు వరదలో ఆమె ఇంటి గోడ కూలి మగ్గం గుంత నిండా బురద చేరింది. కర్ర కుళ్ళిపోయింది. అప్పటి నుంచి వాళ్ళకూ వీళ్ళకూ కండెలు చుట్టిపెడుతోంది. చిలుకమ్మ చేస్తున్న పని ఆమెకు ఒక్కదానికే తెలుసు. చెప్పి కాదు, ఒకరోజు తలుపు తీసి ఉంటే చూసింది.

"ఇయ్యాల ఎంత?" అంది రాట్నం దగ్గర కూలబడి.

"నాలుగు వేళ్ళంత. మొన్న మూడే."

"చెప్పరాదే ఆయనకు?"

"ఏమని చెప్పాలె అక్కా? చేతులున్నయని బతుకుతాండు. అవి గూడ లేవని నేను చెప్పాల్నా?"

మొగిలమ్మ రాట్నం తిప్పింది. "మా గోడ వడ్డనాడు మీ ఆయన వచ్చి, 'నీళ్ళు మనం పిలిస్తె రాలె, పొమ్మంటె పోవు, ఏడ్వకు మొగిలమ్మా' అన్నడు. మంచికే అన్నడు. గని నాకు రెండు దినాలు ఏడ్వాలనుండె. ఆయన ముందట ఏడ్వాలంటె సిగ్గయింది" అంది.

చిలుకమ్మ మొగుడి తరఫున సిగ్గుపడి, నలుపు తీసేసి ఎరుపు పెట్టింది. భుజం దగ్గర సూది గుచ్చినట్టు నొప్పి లేచింది. చెయ్యి దులుపుకుని మళ్ళీ పంజ అందుకుంది.

ఆమెకు తన సగం గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

రెండు రోజుల తర్వాత సొసైటీ నుంచి వెంకటేశ్వర్లు వచ్చాడు. ఆర్డరు సగానికొచ్చాక ఒకసారి చూసిపోవడం పద్ధతి. మంచివాడే, నోరు మెత్తన. జేబులోంచి చిన్న భూతద్దం తీసి ఎడమ వైపు నుంచి మొదలుపెట్టాడు. అంగుళానికెన్ని వరసలో లెక్కపెట్టాడు. చీలికల దగ్గర గోరుపెట్టి చూశాడు. దారం లాగి చూశాడు. తల పైకెత్తాడు.

"యాకన్నా, నీ కండ్లు పోతానయంటాండ్రు గని, ఇది చూస్తె నమ్మబుద్ధైతలేదే! మునుపటి కన్న సాఫుగున్నది."

"చెయ్యి నేస్తది తమ్మీ, కన్ను గాదు" అన్నాడు యాకయ్య. ఆ మాట అనేటప్పుడు ఆయన మొహం చూడాల్సిందే.

వెంకటేశ్వర్లు కుడి వైపుకు జరిగాడు. అక్కడ ఎక్కువసేపు కూర్చున్నాడు. రెండుసార్లు లెక్కపెట్టాడు. వేలితో నొక్కాడు, వేలు లోపలికి దిగింది. భూతద్దం జేబులో పెట్టుకుని, చిలుకమ్మ వైపు కాకుండా మగ్గం వైపు చూస్తూ అన్నాడు.

"వదినా, ఏమనుకోకు. నీ దిక్కు జర పలచవడ్డది. పోయిన వారం సంది చూస్తె, దెబ్బ దిగుతలేదు. ఒక దిక్కు గట్టిగ, ఒక దిక్కు వదులుగ ఉంటె పరిచినప్పుడు వంకర వస్తది. కొనేటోళ్ళు తిప్పి పంపుతరు."

చిలుకమ్మ వచ్చి చూసింది. నిజమే. ఆమె సగంలో వరసలు ఎడంగా ఉన్నాయి. మధ్యాహ్నమంతా ఎడమ పక్కన అరువు చేత్తో కొట్టి కొట్టి, సాయంత్రానికి తన చేత్తో కొట్టే బలం లేకపోయింది. తన తప్పు ఆమె ఇన్నాళ్ళూ చూడనే లేదు. చూసే కండ్లుండి.

"అంతకు ముందుది పరవాలేదు, ఇక్కడికెల్లి విప్పి నెయ్యాలె" అన్నాడు వెంకటేశ్వర్లు. "నాకు తోచింది చెప్తాన. రాజమౌళి కోడలు యమున మంచిగ నేస్తది. ఇది అయ్యేదాక ఆమెను కూసోవెట్టుండ్రి. వదిన జర రెస్టు తీస్కుంటది."

ఒక్క మాట. ఒక్క మాట చెబితే చాలు. నోరు తెరిచింది కూడా. మొగుడు తన వైపు తిరిగి ఉన్నాడు. ఇందాకటి మెప్పు ఇంకా మొహం మీద అలాగే ఉంది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. నోరు మూసుకుంది.

ఆ సాయంత్రం ఆయన రాజమౌళి ఇంటికి పోయి, కోడల్ని పంపమని అడిగి వచ్చాడు. వచ్చి చిలుకమ్మ పక్కన కూర్చున్నాడు. చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఆయన పగటిపూట ఆమె చెయ్యి పట్టుకున్న సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

"చిలుకా, మనసుల వెట్టుకోకు. ఎవలికైనా గింతే. నాకు కండ్లు, నీకు చేతులు. ఒకలి తర్వాత ఒకలం."

"నాకేం గాలె. భుజం నొస్తాంది, గంతే. రెండు దినాలాగు, నేనే విప్పి నేస్త."

"గీ మొండితనమే వద్దంటాన. ఒప్పుకోవాలె. ఒప్పుకుంటె సగం బరువు దిగుతది. నేను ఒప్పుకోలేదా? నన్ను చూడు."

చిలుకమ్మ ఆయన్ని చూసింది. ఆయన ఆమె చెవి పక్కన గోడ మీదున్న దేనికో ఓదార్పుగా నవ్వుతున్నాడు. ఆ నవ్వులో ఎంత ప్రేమ ఉందంటే, తిట్టడానికి వచ్చిన తిట్లన్నీ గొంతులోనే ఉండిపోయాయి. ఎవరైనా అన్యాయం చేస్తే కొట్లాడొచ్చు. ప్రేమగా చేస్తే ఎవరితో కొట్లాడాలి? ముందు నుయ్యి వెనక గొయ్యి అంటారు. చిలుకమ్మకు కూర్చున్నచోటే గొయ్యి. చెబితే ఈయన కూలిపోతాడు. చెప్పకపోతే రేపు పొద్దున్నే యమున చూస్తుంది, యమున నుంచి వాడంతా చూస్తుంది. ఏది చేసినా జరిగేది ఒకటే. అది మాత్రం ఆమె చేతుల్లో లేదు.

"అన్నం పెట్టాల్నా?" అంది.

"పెట్టు" అన్నాడు యాకయ్య, ఆమె ఒప్పుకుందని సంతోషించి.

పొద్దున్నే యమున వచ్చింది. సన్నగా, చురుగ్గా ఉంటుంది. కొంగు నడుముకు చెక్కుకుని కుడి వైపు పలక మీద కూర్చుని, కాళ్ళు గుంతలోకి దించి, "చెప్పు మామా" అంది. ముందు చిలుకమ్మ సగంలో వదులు పడ్డంత మేర విప్పేసింది. కత్తెర పెట్టి, పోగు లాగి, ఉండ చుట్టి పక్కన పడేసింది. తన నేతను ఇంకొకరు విప్పుతుంటే చూడటం చిలుకమ్మకు అదే మొదటిసారి. మూడు నెలలుగా తను చేసిన పని అదే కదా అనుకుంది. ఇలా ఉంటుందని తెలియదు.

ఆమె రాట్నం ముందు కూర్చుని కండెలు చుట్టసాగింది. యమున తన వైపు నేస్తూ ఎడమ సగంతో సమం చేసుకుంది. తర్వాత "ఊఁ" అని యాకయ్య గొంతు, టక్కుమని కాలి కర్ర. "ఊఁ", టక్కు. కొత్త పిల్ల అయినా కాళ్ళు తొందరగానే కలిశాయి. యాకయ్య హుషారుగా ఉన్నాడు. మధ్యమధ్య పాత జంపఖానాల గురించి చెబుతున్నాడు. పదిన్నరకు యమున చెయ్యి ఆగింది. ఎడమ వైపు చూసింది. మెట్ల డిజైనులో ఎర్ర మెట్టు ఉండాల్సిన చోట నల్లది పోతోంది. ఇంకోచోట రెండు రంగులూ కలవకుండా నిలువుగా చీలిక పడుతోంది. ఆమె మెల్లగా తల తిప్పి చిలుకమ్మ వైపు చూసింది.

చిలుకమ్మ రాట్నం ఆపకుండా ఆ చూపును తీసుకుంది. తల అడ్డంగా కొంచెం ఊపింది. యమున మళ్ళీ నేతలోకి వంగింది. ఆ తర్వాత ఆమె ఎడమ పక్కకు చూడలేదు. పరాయి ఇంటి స్నానాల గది తలుపు తీసి ఉంటే కండ్లు తిప్పుకుని పోయినట్టు, తన సగం మీదే చూపు పెట్టుకుని నేసింది.

మధ్యాహ్నం యాకయ్య తిని, లెక్కపెట్టుకుంటూ పోయాడు. యమున కూడా పిల్లకు అన్నం పెట్టి వస్తానని లేచింది. గడప దగ్గర ఆగింది.

"అత్తా, మామ దిక్కు..."

"నాకెరుకే. నువ్వు పోయి తినిరా బిడ్డా."

"నేనేమన్న సరిజెయ్యాల్నా?"

"వద్దు."

ఇల్లు ఖాళీ అయింది. చిలుకమ్మ కత్తెర తీసుకుని ఎడమ వైపు పలక మీద కూర్చుంది. లెక్కపెట్టింది. రెండు చీలికలు. ఒక మెట్టంతా తప్పు రంగు. ఐదారుచోట్ల దారాలు లేచి ఉన్నాయి. గంటన్నర పని. యమున వచ్చేలోపు కాకపోయినా, వచ్చాక కూడా చేసుకోవచ్చు, ఆ పిల్ల ఎవరికీ చెప్పదు. కత్తెర మొన పోగు కింద పెట్టింది.

చెయ్యి కదల్లేదు.

నొప్పి కాదు. నొప్పి రోజూ ఉండేదే. నిన్న ఆయన పట్టుకున్న చెయ్యి ఇది. పట్టుకుని ఒప్పుకొమ్మని చెప్పిన చెయ్యి. సరే, ఒప్పుకుంటే ఎలా ఉంటుందో చూద్దాం అనుకుంది. తను కూడా, ఆయన కూడా. ఇది కోపంతో అనుకుందా, అలిసిపోయి అనుకుందా, నిజంగానే ఆయన చెప్పే ఆ ఓర్పేదో తనకూ అబ్బిందా అంటే ఆమె చెప్పలేదు. ఉగాది నుంచి ఒక్కరోజు, పండగనాడు కూడా తప్పని పని. ఇవ్వాళ కత్తెర తీసి పలక మీద పెట్టేసింది. దిగి, రాట్నం దగ్గరికి పోయి కూర్చుంది. ఒక కండె సగం చుట్టేసరికి మనసు మారింది. లేద్దామనుకుంది. బయట యమున చెప్పుల చప్పుడు, ఆ వెనకే యాకయ్య గొంతు వినపడ్డాయి. వాన మొదలైందని ఆయన ఇవ్వాళ తొందరగా వచ్చేశాడు.

తడిసిన భుజాలు తువ్వాలతో తుడుచుకుని పలక ఎక్కాడు. కాళ్ళు గుంతలోకి దించాడు. పక్కన యమున సర్దుకుని కూర్చుంది.

"ఆగు బిడ్డా, ఒకసారి చూసుకోనియ్యి" అని బొటనవేలు నేత మీద పెట్టాడు.

కింది నుంచి మొదలుపెట్టాడు. మొన్నటి నేత మీద వేలు సాఫీగా పోయింది. నిన్నటిదీ అంతే. పైకి, ఇవ్వాళ్టి నేత మీదికి వచ్చాడు. వేలు ఆగింది. లేచి ఉన్న దారం తగిలింది. దాన్ని దాటాడు. ఇంకోటి తగిలింది. కొంచెం పక్కకు జరిగాడు. వేలు చీలికలో దిగి అవతలికి పోయింది.

తీశాడు. మళ్ళీ పెట్టాడు. మళ్ళీ దిగింది.

యమున వైపు నేతేమో అనుకున్నట్టున్నాడు. ఎడమ అంచు దాకా చెయ్యి చాపి, అక్కడి నుంచి జానలు వేసుకుంటూ వచ్చాడు. ఒకటి, రెండు, మూడు. తన సగమే. సరిగ్గా నడిమధ్య. యమున తన మోకాళ్ళ వైపు చూసుకుంటోంది. యాకయ్య వేలు మెల్లగా కిందికి జారింది, ఈ పొద్దుటి పని ఎక్కడ మొదలైందో అక్కడికి. ఆ గీతకు కింద ఒక్క తప్పు లేదు. పైన తప్పు లేని వరస లేదు. నిన్నటికీ ఇవ్వాళ్టికీ ఈ మగ్గం మీద మారింది ఒక్కటే, చిలుకమ్మ దాని మీద లేదు. ఆయన పిచ్చివాడు కాదు. పలక మీద పెట్టిన ఎడమ చేతికి కత్తెర తగిలింది. రోజూ అది గూట్లో ఉంటుంది.

రాట్నం ఎప్పుడో ఆగిపోయింది.

"చిలుకా."

"ఊఁ."

"ఎప్పటి సంది?"

ఏంది అని అడగొచ్చు. ఏమీ తెలియనట్టు లేచి రావొచ్చు. ఆమెకు ఆ ఓపిక కూడా లేదు.

"ఉగాది సంది."

వాన రేకుల మీద పెద్దదైంది. ఇద్దరు ఆడవాళ్ళూ ఆయన వైపే చూస్తున్నారు. దొంగతనానికీ వరదకూ చావుకూ సరిపోయే మాట ఆయన దగ్గర ఎప్పుడూ ఉండేది. ఇప్పుడు పెదవులు కదిలాయి కానీ ఏ మాటా రాలేదు.

"నిన్న వెంకటేశ్వర్లు మెచ్చుకున్నది నిన్నేనా?"

చిలుకమ్మ చేతిలోని కండెను బుట్టలో వేసింది.

"నీ దిక్కు వదులైంది గిందుకేనా?"

ఆమె చెయ్యి నొప్పి ఉన్న భుజం మీదికి పోయింది.

"మళ్ళ నేనే నీకు చెప్పొస్తి. ఒప్పుకొమ్మని." నవ్వబోయాడు. నవ్వు మధ్యలోనే విరిగింది. తువ్వాల మొహం మీద వేసుకున్నాడు. డాక్టరమ్మ ముందు రాని నీళ్ళు ఇప్పుడు వచ్చాయి. చప్పుడు లేకుండా ఏడ్చాడు. భుజాలు మాత్రం, పడుగు తెగినప్పుడు మగ్గం ఊగినట్టు ఊగాయి. చిలుకమ్మకు లేచి దగ్గరికి పోవాలని ఉంది. పోతే ఆయన ఏడుపు ఆపేస్తాడేమోనని పోలేదు. ఏడ్వనీ అనుకుంది.

యమున లేవబోయింది. చిలుకమ్మ ఉండమని చేత్తో సైగ చేసింది.

చాలాసేపటికి యాకయ్య తువ్వాల భుజాన వేసుకుని పలక మీద నుంచి దిగాడు. ఎప్పుడూ చకచకా దిగే మనిషి, ఇవ్వాళ గుంత అంచు ఎక్కడుందో కాలితో వెతుక్కున్నాడు. గోడ పట్టుకుని రెండడుగులు వేసి, తర్వాత నేల మీద కూర్చుని, కూర్చునే జరుగుతూ రాట్నం దగ్గరికి వచ్చాడు. ఆయన మగ్గం దిగి ఇటు వైపు కూర్చోవడం పెళ్ళైనకాడి నుంచి చిలుకమ్మ చూడలేదు.

చుట్టిన కండెలు బుట్టలో కలగాపులగంగా పడి ఉన్నాయి. ఆయన చెయ్యి బుట్టలోకి పోయి ఒక కండె తీసింది. మొహానికి దగ్గరగా పెట్టుకుని చూశాడు. కిటికీ వెలుతురుకు ఎత్తి చూశాడు. మళ్ళీ దగ్గరికి తెచ్చుకున్నాడు. చిలుకమ్మ అలాగే చూస్తూ ఉంది.

"ఇదేం రంగు?" అన్నాడు.

ఆమె కండె వైపు చూసింది.

"నలుపు."

"నాకు ఎరుపనిపిచ్చింది" అన్నాడు. ఆ కండెను తన ఎడమ పక్కన నేల మీద జాగ్రత్తగా నిలబెట్టాడు. దొర్లిపోతుందేమోనని ఒక క్షణం పట్టుకుని వదిలాడు. బుట్టలోకి చెయ్యి పెట్టి ఇంకొకటి తీశాడు.

"ఇది?"